మూడు చోట్లు, ఒక్క అంబులెన్సు

మార్చి 4

ఇరవై రెండేళ్లుగా మునిసిపల్ ఆఫీసులో కూర్చుని రాస్తూనే ఉన్నాను. నివేదికలు, జవాబులు, సంజాయిషీలు. అన్నీ ఎవరో ఒకరు చదివి సంతకం పెట్టడానికే. ఎవరూ చదవనిది ఒకటి రాసుకోవాలనిపించి ఈ పుస్తకం కొన్నాను. కొని మూడు వారాలైంది. ఇవాళ కుదిరింది.

పెద్దసారు పిలిచారు. ఊరికి రెండో అంబులెన్సు మంజూరైంది. ఇప్పుడున్న ఒక్కటీ ఊరి ఉత్తరపు కొసన ఉంటుంది. దక్షిణం వైపు ఎవరైనా కూలబడితే దేవుడే దిక్కు. కొత్తదాన్ని ఎక్కడ నిలిపి ఉంచాలో తేల్చి మే నెలాఖరులో కమిటీ ముందు పెట్టాలట. చోట్లు మూడు. పెద్దాసుపత్రి వెనక ఖాళీ స్థలం. కూరగాయల మార్కెట్ పక్కన పాత గోదాము. రైలు పట్టాలకు అవతల, గుట్ట కింద కాలనీలో మూతపడిన బడి.

"అడిగినవాళ్లకి చూపించడానికి పట్టిక ఒకటి ఉండాలమ్మా. మార్కులు వేసి పెట్టు. ఆసుపత్రి వెనకైతే మనకి తలనొప్పి ఉండదు, అది కూడా మనసులో పెట్టుకో," అన్నారు.

మనసులో పెట్టుకున్నాను. కానీ మూడో చోటు పేరు చదవగానే కళ్ల ముందుకు వచ్చింది ఆసుపత్రి కాదు. బడి నుంచి రైల్వే గేటు దాటి ఇవతలికి వస్తే రెండో సందులోనే అక్కావాళ్ల ఇల్లు.

మార్చి 5

నిద్ర పట్టలేదు.

మార్చి 9

అక్కతో చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేశాను.

నవంబరులో బావకు గుండెపోటు వచ్చినప్పుడు అంబులెన్సు రావడానికి ముప్పై ఒక్క నిమిషం పట్టింది. అక్క ఫోను పట్టుకుని చెప్పుల్లేకుండా వీధి మొగలో నిలబడిందట. ఆయన బతికాడు గానీ గుండె సగమే పనిచేస్తోందన్నారు. మళ్లీ వస్తే ఆలస్యం కాకూడదన్నారు. ఆ ముప్పై ఒక్క నిమిషాలనూ అక్క పాలవాడి దగ్గర కూడా చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే ఉంటుంది.

ఇవాళ మూడు చోట్ల సంగతి చెప్పగానే చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"బడి దగ్గరా? మన బడి దగ్గరా?"

"ఇంకా ఏమీ తేలలేదక్కా."

"తేల్చేది నువ్వేగా."

"తేల్చేది కమిటీ. నేను మార్కులు వేస్తానంతే."

"అదేగా నేనంటున్నది," అని మళ్లీ కూర కలపడం మొదలుపెట్టింది. కూనిరాగం తీసింది. నవంబరు తర్వాత అక్క కూనిరాగం తీయగా వినడం ఇదే.

అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు, అక్కకు పందొమ్మిది. నా ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలన్నీ తనవే. నాన్న ఉండేవాడు, ఉన్నట్టు తెలిసేది కాదు.

మార్చి 15

ఐదు గళ్లు గీశాను. బండి ఎంతసేపట్లో చేరుతుంది. చుట్టుపక్కల ముసలివాళ్లూ జబ్బుమనుషులూ ఎందరు. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోని ప్రాంతమా. రోడ్డు ఎంత వెడల్పు. స్థలం సిద్ధంగా ఉందా. వంద మార్కుల్ని ఈ ఐదింటికీ పంచాలి. దేనికెంత అన్నది నా ఇష్టానికే వదిలారు.

అన్నింటికీ సమంగా ఇరవై చొప్పున వేస్తే గోదాము వచ్చింది. గోదాము దేంట్లోనూ మొదటిది కాదు. దేంట్లోనూ ఆఖరిదీ కాదు. బొత్తిగా ఉప్పూకారం లేని చోటు.

గుట్ట కింద కాలనీలో నాలుగు వేలమంది ఉన్నారు. వాళ్లను ఇన్నేళ్లూ గాలికి వదిలేశాం. ఆ గడికి ఇరవై చాలా తక్కువ. ముప్పై చేశాను. ఇది న్యాయమే.

మార్చి 18

ముప్పై ఐదు. బడి మొదటికి వచ్చింది. నేను ఎవరి కోసమూ చేయడం లేదు. కాలనీ వాళ్ల కోసం.

మార్చి 22

ఆదివారం. పొద్దున ఆరున్నరకే ఆఫీసు జీపులో మూడు చోట్ల నుంచీ తిరిగి సమయాలు రాసుకున్నాను. ఆదివారం పొద్దున రోడ్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి లెక్క శుభ్రంగా వస్తుంది.

బడి నుంచి అక్కావాళ్ల వీధి మొగకు నాలుగు నిమిషాలు. గోదాము నుంచి పదకొండు. ఆసుపత్రి వెనక నుంచి పద్నాలుగు.

దారిలోనే కదా అని అక్కావాళ్లింట్లో టిఫిను తిని వచ్చాను. నాలుగని చెప్పాను. అక్క నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఏప్రిల్ 2

మా విభాగంలో నాకంటే పాతవాడు డ్రాఫ్ట్స్‌మన్. జేబులో ఎప్పుడూ ఆరంగుళాల స్కేలు ఉంటుంది కాబట్టి అందరికీ ఆయన స్కేలుగారు. ఎదురుగా కూడా అలాగే పిలుస్తారు, ఆయనా పలుకుతారు. వచ్చే ఏడాది రిటైరవుతారు. పటాలు గీయడం కోసం నా పట్టిక ఆయనకు ఇచ్చాను. సాయంత్రం వెనక్కి తెచ్చి బల్ల మీద పెట్టారు.

"బాగుందమ్మా. ఈ ముప్పై ఐదు ఎక్కణ్ణించి వచ్చింది?"

"ఆలోచించే వేశానండీ."

"ముప్పై అయితే?"

"గోదాము వస్తుంది."

"ముప్పై రెండయితే?"

అది కూడా వేసి చూసుకున్నాను మరి. అప్పుడూ గోదామే.

"నేను తప్పని అనట్లేదు," అన్నారాయన. "ముప్పై ఐదు కరెక్టో ముప్పై కరెక్టో మీకూ తెలీదు, నాకూ తెలీదు, పైనున్నవాళ్లకీ తెలీదు. తెలీనప్పుడు లెక్కని నాలుగు వైపుల నుంచీ కుదిపి చూడాలి. ఇద్దరు మనుషులు రెండు రకాలుగా ఆలోచించినా నిలబడేది ఏదో చూడాలి. మూడు మార్కులు అటు తీసి ఇటు పెడితే పడిపోయేదాన్ని నమ్మి బండి ఎలా పెడతాం?"

ఆలోచిస్తానని అన్నాను. తలకాయ పగిలిపోతోంది.

ఏప్రిల్ 3

కుదిపి చూడలేదు. పని ఎక్కువగా ఉంది.

ఏప్రిల్ 10

ఆయనే వచ్చి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇద్దరం మధ్యాహ్నమంతా కూర్చుని ఆ వంద మార్కుల్ని నలభై రకాలుగా పంచాం. ముసలివాళ్లే ముఖ్యమనుకునేవాడు ఎలా పంచుతాడో అలా, రోడ్డే ముఖ్యమనుకునేవాడిలా, పెద్దసారులా, కాలనీ మనిషిలా. నలభైలో ఇరవై ఐదుసార్లు గోదాము మొదటికి వచ్చింది. ఆసుపత్రి తొమ్మిదిసార్లు, బడి ఆరుసార్లు. గోదాము మొదటిది కాని పదిహేనుసార్లూ రెండోదే. ఒక్కసారి కూడా ఆఖరికి పోలేదు. బడి ఇరవై సార్లు ఆఖరు.

స్కేలుగారు కాగితం మడిచి నా చేతిలో పెట్టి టీకి వెళ్లిపోయారు. ఏదైనా అని ఉంటే పోట్లాడేదాన్ని.

కాగితం సొరుగులో పెట్టి తాళం వేశాను. ఎవరు చూస్తారని తాళం వేశానో తెలియదు.

ఏప్రిల్ 11

ఆరుసార్లంటే తక్కువేమీ కాదు.

ఏప్రిల్ 19

అక్కావాళ్లింటికి వెళ్లాను. అక్క బజారుకు వెళ్లింది. బావ వరండాలో కుర్చీలో కూర్చుని పేపరులో అదే పేజీని మళ్లీ మళ్లీ తిరగేస్తున్నాడు. ఇరవై ఏడేళ్లు బస్సు నడిపినవాడు, ఊరికే కూర్చోవడం చేతకాదు.

"ఏంటి మరదలా, మొహం అలా పీక్కుపోయింది? మా ఇంటికి బండి తెచ్చే పనిలో సన్నబడ్డావా?" అన్నాడు నవ్వుతూ.

"కాలనీ వాళ్ల కోసం బావా."

"సరే, కాలనీ కోసమే. ఎన్ని నిమిషాలు తేల్చావు?"

"నాలుగు."

"ఎప్పుడు కొలిచావు?"

"ఆదివారం. పొద్దున్నే."

బావ పేపరు మడిచి పక్కన పెట్టాడు. కాసేపు వీధి వైపు చూశాడు.

"ఆ రూట్లో పదేళ్లు నడిపాను. నా జీవితంలో ఓ రెండేళ్లు ఆ రైల్వే గేటు దగ్గరే గడిచిపోయుంటాయి. ప్యాసింజర్లు దిగి, బజ్జీలు తిని, మళ్లీ ఎక్కేవాళ్లు. ఆదివారం పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా ఒక్క రైలూ పోదు. ఆ సంగతి నీకు తెలుసా తెలీదా?"

తెలుసు. ఆ గేటు ఇవతల పెరిగిన దాన్నే నేను. తెలుసని అనలేదు. తెలియదని కూడా అనలేదు.

"బడికి వేరే దారి లేదు. వెనక గుట్ట, ముందు పట్టాలు," అన్నాడు. "గేటు పడిందంటే బండి అటే ఇరుక్కుపోతుంది. కాలనీ వాళ్ల ఇళ్లకి పోతుందనుకో, వాళ్లని ఎక్కించుకుని ఆసుపత్రికి ఎలా వస్తుంది? మిగతా ఊరి సంగతేంటి? గేటుకి ఇవతలున్న నా సంగతేంటి?"

"రోజంతా పడే ఉండదుగా బావా."

"ఉండదు. నాకు మళ్లీ పోటు ఎప్పుడొస్తుందో చెప్పు మరి, గేటు తీయించి పెడతాను."

నాకు ఏడుపు వచ్చింది. ఆయన చూడనట్టు చెప్పులు సర్దుకున్నాడు.

"చూడు, నాకు బతకాలని లేదనుకోకు. బోలెడంత ఉంది. ఆ బండి మా గుమ్మంలోనే పెడితే వద్దంటానా? కానీ నా పేరు చెప్పుకుని నీ చేత తప్పుడు లెక్క వేయించుకుంటే, రేపు ఆ గేటు దగ్గర ఎవడో చిన్నపిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. వాడి మొహం నాకు ఇప్పుడే కనిపిస్తోంది. అక్కడ నిలబడ్డ మొహాల్ని అద్దంలోంచి బోలెడు చూశాను."

అక్క సంచీతో ఇంటి గేటు తీసుకుని లోపలికి వచ్చింది. బావ వెంటనే ఎండల గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఏప్రిల్ 20

సెలవు పెట్టాను. ఒంట్లో బాగాలేదని రాశాను. అబద్ధం కూడా కాదు.

ఏప్రిల్ 23

గురువారం. పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా రైల్వే గేటు దగ్గర నిలబడ్డాను. నాలుగు గంటల్లో ఏడుసార్లు పడింది. ఒకసారి గూడ్సు ఆగిపోయి పంతొమ్మిది నిమిషాలు తీయలేదు. గేటు పడినప్పుడు బయలుదేరితే బడి నుంచి అక్కావాళ్ల వీధికి సగటున పదిహేడు నిమిషాలు. గోదాము నుంచి గేటుతో పని లేదు, ఎప్పుడైనా పదకొండే.

రద్దీలో రెండు సైకిళ్ల మధ్య నిలబడి ఈ అంకెలు రాసుకుంటుంటే ఒక ముసలాయన "ఏం సర్వేనమ్మా, పైవంతెన కడతారా?" అని ఆశగా అడిగాడు. కాదన్నాను.

ఏప్రిల్ 24

కొత్త సమయాలు వేసి మళ్లీ నలభై రకాలుగా చూశాను, ఒక్కదాన్నే. బడి ఒక్కసారి కూడా మొదటికి రాలేదు. కాలనీ గడికి యాభై వేసినా రాలేదు.

స్కేలుగారికి చూపించాను. ఆయన స్కేలు ఆనించి కాగితం నలిగిన అంచు చింపేసి, కాగితాన్ని ఫైల్లో పెట్టారు. "ఇంటికెళ్లి పడుకోండమ్మా," అన్నారు.

మే 8

పెద్దసారుకు గోదాము అని చెప్పాను. ఆసుపత్రి ఎందుకు కాదని అడిగారు. నలభై పంపకాల కాగితం చూపించాను. రోగిని తీసుకెళ్లేది ఆసుపత్రికే కాబట్టి బండి కూడా అక్కడే ఉండాలనిపిస్తుంది గానీ, ముందు రోగి దగ్గరికి వెళ్లాలి కదా అన్నాను. ఆయన నా వంక వింతగా చూశారు. ఇన్నేళ్లలో నేను ఆయనకు ఎదురు చెప్పడం చూడలేదు. "కమిటీలో నువ్వే మాట్లాడుకో మరి," అన్నారు.

మే 27

కమిటీ అయిపోయింది. గోదామే.

కాలనీ తరఫున బట్టలు కుట్టే ఒకావిడ వచ్చింది. అంతా విని లేచి నిలబడింది.

"అంటే మేం మళ్లీ ఆఖరేనన్నమాట."

"గేటు తీసుంటే మీకు పద్నాలుగు నిమిషాలమ్మా. ఇప్పుడు నలభై పడుతోంది."

"పడుంటే?"

"ముప్పై దాకా."

"ముప్పై," అంది ఆమె, ఎవరితోనూ కానట్టు. "మార్చిలో జీపులో వచ్చి కొలిచి మాకు ఆశ పెట్టింది మీ ఆఫీసేగా. బడి ఊడ్చి ఉంచాం."

మార్చిలో వాళ్ల పేరు వాడుకున్నదీ నేనే, ఇప్పుడు కాదంటున్నదీ నేనే. బడిలో ఒక నర్సునూ ఆక్సిజన్ సిలిండర్‌నూ పెట్టాలని తీర్మానంలో రాయించాను. రాయించడం వరకే నా చేతిలో ఉంది. ఆమె నమ్మలేదు. నేనైనా నమ్మేదాన్ని కాదు.

మే 28

అక్కకు ఫోను చేసి చెప్పాను.

"ఎన్ని?"

"పదకొండు."

"నాలుగన్నావు."

"తప్పు చెప్పానక్కా."

"ఊరందరి గురించీ ఆలోచించావు. మంచిదే. పెద్ద ఉద్యోగం," అని పెట్టేసింది.

జూన్ 14

అక్క ఫోను ఎత్తడం లేదు. బావే చేశాడు.

"గేటు సంగతి నేనే చెప్పానని మీ అక్కతో అన్నాను. నమ్మట్లేదు. నిన్ను వెనకేసుకొస్తున్నానంటోంది. దాని కోపం నా గుండెలా కాదు, ఫుల్లుగా పనిచేస్తోంది."

నవ్వాను. నవ్వి చాలా రోజులైంది.

జూలై 1

గోదాము దగ్గర బండి నిలిచింది. తెల్లగా ఉంది. చూడటానికి వెళ్లలేదు. బస్సులోంచి కనిపించింది.

జూలై 19

మొదటి మూడు వారాల లెక్క వచ్చింది. ముప్పై నాలుగు పిలుపులు. సగటున తొమ్మిది నిమిషాలు. పెద్దసారు అందరి ముందూ మెచ్చుకున్నారు. కాలనీ నుంచి రెండు. బడికి నర్సు ఇంకా రాలేదు.

ఆగస్టు 12

బావ పోయాడు.

ఆగస్టు 17

నిన్నటి దాకా రాయలేకపోయాను.

సాయంత్రం ఐదూ నలభైకి స్నానాల గదిలోంచి వస్తూ పడిపోయాడు. ఐదూ నలభై రెండుకు అక్క ఫోను చేసింది. ఐదూ యాభై మూడుకు బండి గుమ్మంలో ఉంది. సరిగ్గా పదకొండు. ఆసుపత్రికి తీసుకెళ్లారు, అరగంట ప్రయత్నించారు.

డాక్టరును పక్కకు పిలిచి అడిగాను, ఏడు నిమిషాలు ముందొచ్చుంటే ఏమైనా ఆశ ఉండేదా అని. "చెప్పలేమండీ," అన్నాడు. "ఉండొచ్చు. ఉండకపోవచ్చు. ఆ గుండెకి..." అని ఆగిపోయాడు. అలసిపోయిన కుర్రడాక్టరు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇంకేం అడుగుతాను?

అక్క నాతో మాట్లాడింది. "ఆయన నీలం చొక్కా బీరువాలో పైన ఉంది, తీసుకురా," అంది. అంతే.

ఆగస్టు 20

గేటు దగ్గరికి వెళ్లాను. ఎందుకో రాయను.

గేటుమన్‌కు నన్ను చూసిన గుర్తుంది. గేటు వేసిన, తీసిన వేళలన్నీ ఒక రిజిస్టరులో రాస్తారు. చూపించమంటే కాసేపు తటపటాయించి చూపించాడు. పన్నెండో తారీఖు సాయంత్రం ఐదూ పదికి పడింది. ఐదూ ఇరవై రెండుకు తీశారు. ఆ తర్వాత ఆరూ నాలుగుకు గానీ పడలేదు.

తీసే ఉంది.

ఆగస్టు 21

మళ్లీ నలభై రకాలుగా వేసి చూశాను. గోదామే.

ఆగస్టు 22

గోదామే.

ఆగస్టు 30

స్కేలుగారు ఇంటికి వచ్చారు. ఎప్పుడూ రారు. వరండాలో కూర్చున్నారు. రిజిస్టరు సంగతి చెప్పాను.

"ఏం జరిగినా నష్టం తక్కువగా ఉండేది ఎంచామమ్మా," అన్నారు. "నష్టం ఉండనిది ఎంచలేదు. అలాంటిది ఆ మూడింట్లో లేదు."

"ఆ రోజుకి బడే మంచిదండీ."

"ఆ రోజుకి అవును."

అవునన్నందుకు ఆయనకు దండం పెట్టాలనిపించింది. అందరూ నా తప్పేం లేదంటున్నారు. అది వినీ వినీ విసిగిపోయాను.

సెప్టెంబరు 6

అక్క వచ్చింది. పొద్దున పదింటికి, చెప్పకుండా, చేతిలో చిన్న సంచీతో. మే నుంచి నేనొక్కదాన్నే ఉండే ఈ ఇంటి గడప తొక్కలేదు. కూర్చోమన్నాను. కూర్చుంది. నీళ్లిస్తే తాగలేదు, గ్లాసు పట్టుకుని కూర్చుంది.

"బడి దగ్గరే పెట్టుంటే ఎన్ని?" అంది.

"గేటు తీసుంటే నాలుగు. పడుంటే పదిహేడు."

"అది ఆయన కూడా చెప్పాడు. గేటు దగ్గర బజ్జీల కథ కూడా చెప్పాడు." గ్లాసు వంక చూస్తూ ఉంది. "ఆ రోజు?"

రిజిస్టరు నేను చూసినట్టు స్కేలుగారికీ ఆ గేటుమన్‌కూ తప్ప ఎవరికీ తెలియదు. అక్క అక్కడిదాకా వెళ్లి అడిగే మనిషి కాదు. ఒక్క మాటతో అయిపోయేది.

"తీసే ఉందక్కా. వెళ్లి చూశాను."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి అవస్థ పడుతున్నారు. అది స్టార్టయి వెళ్లిపోయేదాకా అక్క కదల్లేదు.

"పడుందని చెప్తే నీ సొమ్మేం పోయేదే?"

"చెప్పొచ్చు."

"మరి?"

"ఒకసారి చెప్పాను కదక్కా. నాలుగని."

అక్క ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. భుజం మీద చెయ్యి వెయ్యాలనుకున్నాను గానీ వెయ్యలేదు, తోసేస్తుందేమోనని. చాలాసేపటికి తనే కొంగుతో మొహం తుడుచుకుని, గ్లాసులో నీళ్లు మొత్తం తాగి, లేచి వంటింట్లోకి వెళ్లింది. డబ్బాల మూతలు తీస్తూ పెడుతూ ఉన్న చప్పుడు వినిపించింది.

"బియ్యం ఎక్కడ పెట్టి చచ్చావే?" అంది.

చెప్పాను. ఎంత పొయ్యాలో అడగలేదు. ఇద్దరికీ పోసింది.